పీడన పాత్రలకు ఉక్కు ఎంపిక – పరీక్షలు



మేడ్చల్ దాటి తూప్రాన్ వైపు వెళ్లినా, శామీర్‌పేట చెరువు దాటి తుర్కపల్లి వైపు వెళ్లినా మందుల కంపెనీలు, టీకాల కంపెనీలు, చిన్నా పెద్దా ఫ్యాబ్రికేషన్ షెడ్లు కనిపిస్తాయి. 1997లో దేశంలో తయారైన తొలి రీకాంబినెంట్ హెపటైటిస్-బి టీకాను తెచ్చిన శాంతా బయోటెక్నిక్స్ ఫ్యాక్టరీ వెలసింది మేడ్చల్ దగ్గరే. ఈస్ట్‌ను పెంచే ఫెర్మెంటర్, మందు తయారయ్యే రియాక్టర్, ఆవిరి పుట్టించే బాయిలర్ వంటివి లోపలి ఒత్తిడిని ఓర్చుకునే పాత్రలు. వీటినే ప్రెషర్ వెసెల్స్ అంటారు. మేము ఈ హాస్టల్లో చదివి, ఐటీఐ, డిప్లొమా పూర్తి చేసి ఇటువంటి షెడ్లలో పనికి చేరిన వాళ్లం. రేపు మీలో కొందరు ఇక్కడికే వస్తారు. అందుకే ఈ పాఠం.

ఒత్తిడి బలం ఎంత?

ఒక మీటరు వ్యాసం గల పాత్రలో చదరపు సెంటీమీటరుకు 10 కిలోల ఒత్తిడి ఉందనుకుందాం. దాని అడ్డుకోత వైశాల్యం సుమారు 7,854 చదరపు సెంటీమీటర్లు. అంటే మూతను బయటికి నెట్టే బలం 78 టన్నులకు పైనే! 1905లో అమెరికాలోని బ్రాక్టన్‌లో ఒక చెప్పుల ఫ్యాక్టరీ బాయిలర్ పేలి 58 మంది చనిపోయారు. అటువంటి ప్రమాదాల తర్వాతే అక్కడ బాయిలర్ నియమావళి తయారైంది. మన దేశంలో పీడన పాత్రలకు ఐఎస్ 2825 నియమావళి 1969లో వచ్చింది.

ఏ ఉక్కు వాడాలి?

‘ఎంఎస్’ అని మనం పిలిచేదంతా ఒకటి కాదు. షెడ్లకు, స్తంభాలకు వాడేది ఐఎస్ 2062. బాయిలర్లకు, పీడన పాత్రలకు ఐఎస్ 2002 గాని, అమెరికా పద్ధతిలో ఎస్‌ఏ 516 గ్రేడ్ 70 గాని వాడతారు. గ్రేడ్ 70 ప్లేటుకు తెగే బలం కనీసం 485 మెగాపాస్కల్స్ ఉండాలి. అయినా మామూలు వేడిలో 138 వరకే భారం మోపుతారు. మిగిలినదంతా మన ప్రాణాలకు రక్షణ.

ఎంత గట్టిదైతే అంత మంచిదనుకోవద్దు. కార్బన్ పెరిగితే ఉక్కు గట్టిపడుతుంది గాని వెల్డింగ్ పక్కన పగిలే ప్రమాదం ఎక్కువవుతుంది. గంధకం, భాస్వరం పెరిగితే పెళుసవుతుంది. తెగే ముందు సాగే ఉక్కే మనకు కావాలి.

తుప్పు పట్టే చోట స్టెయిన్‌లెస్ స్టీలు వాడతారు. 304లో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. 316లో అదనంగా 2 నుంచి 3 శాతం మాలిబ్డినం ఉండడం వల్ల అది క్లోరైడ్లను మరింత తట్టుకుంటుంది. హైడ్రోక్లోరిక్ ఆమ్లం ముందు ఇది కూడా నిలవదు. అందుకు లోపల గాజు పూత పూసిన రియాక్టర్లు వాడతారు. 304, 316 రెండూ మెరుస్తాయి. అయస్కాంతంతోనూ తేడా తెలియదు. పరీక్షే చెప్పాలి.

ముఖ్యమైన పరీక్షలు

1. రసాయన పరీక్ష: ఏ మూలకం ఎంత ఉందో తెలుపుతుంది.
2. లాగుడు పరీక్ష: నమూనా ఎక్కడ సాగింది, ఎక్కడ తెగింది చూస్తారు.
3. వంపు పరీక్ష: వంచినప్పుడు పగుళ్లు రాకూడదు.
4. దెబ్బ పరీక్ష: గాటు పెట్టిన ముక్కను లోలకం సుత్తితో కొడతారు. చలిలో పనిచేసే పాత్రలకు ఇది ముఖ్యం.
5. అల్ట్రాసోనిక్ పరీక్ష: ప్లేటు లోపలి పొరల చీలికను పట్టిస్తుంది.
6. నీటి పరీక్ష: పూర్తయిన పాత్రను నీటితో నింపి, నియమావళిని బట్టి అనుమతించిన ఒత్తిడికి 1.3 రెట్లు లేదా అంతకు మించి ఎక్కిస్తారు. గాలిలా నీరు కుంచించుకుపోదు కనుక పాత్ర పగిలినా పేలుడు తీవ్రత తక్కువ.

మేము నేర్చుకున్న గుణపాఠం

ఉక్కును కరిగించిన ప్రతి విడతకూ ఒక హీట్ నంబరు ఉంటుంది. అది ప్లేటు మీదా, మిల్లు ఇచ్చిన సర్టిఫికెట్ మీదా ఒకటిగా ఉండాలి. పనిలో చేరిన కొత్తలో మేము ఒక ప్లేటును కోసేశాం. నంబరు ఒక ముక్క మీద ఉండిపోయింది. రెండో ముక్కను షెల్‌కు వాడబోతే మేస్త్రి ఆపేశారు. “సర్టిఫికెట్ ఉంది కదా సార్” అన్నాం. ఆయన, “హాల్ టికెట్ చేతిలో ఉంది, మనిషెవరో తెలియదు. పరీక్షకు కూర్చోనిస్తారా బాబూ?” అన్నారు. ఆ ముక్క స్టాండు కాళ్లకు పోయింది. ఖరీదైన ప్లేటు వృథా అయిందని ఆ రోజు కోపమొచ్చింది. నీటి పరీక్షలో గేజీ ముందు నిలబడ్డ రోజు అర్థమైంది, ఆ పాత్ర పక్కన నిలబడేది మనమే అని. నాటి నుంచి కోయకముందే నంబరును రెండో ముక్క మీదకు దించుతున్నాం.

మిత్రులారా! మన వంటగదిలోని గ్యాస్ సిలిండరూ పీడన పాత్రే. దాని పైభాగాన ఒక ఇంగ్లీషు అక్షరం, రెండంకెలు ఉంటాయి. ఏ, బి, సి, డి అంటే సంవత్సరంలోని నాలుగు త్రైమాసికాలు. ‘ఏ 27’ అంటే 2027 జనవరి–మార్చి నాటికి మళ్లీ పరీక్ష చేయించాలని అర్థం. ఈ రోజే వెళ్లి చూడండి. గడువు దాటి ఉంటే వార్డెన్ గారికి చెప్పండి. ఉక్కు చదువుకు అదే తొలి పాఠం.