రేకులు దింపే ముందు

బంజారాహిల్స్‌లో, జూబ్లీహిల్స్‌లో పాత బంగళా కొనేవాళ్లు మొదట వాస్తు అడుగుతారు, తరవాత బోరులో నీళ్లెన్ని అడుగుల్లో ఉన్నాయో అడుగుతారు. వెనకాల వాచ్‌మన్ గది మీద, కారు షెడ్డు మీద, జనరేటర్ గది మీద ఉన్న సిమెంటు రేకుల సంగతి కూల్చే రోజుదాకా ఎవరికీ పట్టదు. సైట్ సూపర్‌వైజర్‌గా నా ఉద్యోగమంతా ఈ గుట్టల మీదే గడిచింది. బంగళాలు కట్టించాను, ఫిలింనగర్ వైపు షెడ్లు విప్పించాను. ఇప్పుడు మా కాలనీ పిల్లలు కొటేషన్ కాగితాలు పట్టుకొచ్చి "తాతగారూ, ఇది ఎక్కువా, తక్కువా?" అని అడుగుతున్నారు. వాళ్లకు చెప్పే మాటలే ఇవి.

1. పాత రేకు కనబడితే అందులో ఆస్బెస్టాస్ ఉందనే అనుకోండి. ఇంకే ఊళ్లోనైనా అనుమానించవచ్చేమో గానీ మన ఊళ్లో అక్కర్లేదు. 1946లో పెట్టిన హైదరాబాద్ ఆస్బెస్టాస్ సిమెంట్ కంపెనీ సనత్‌నగర్ ఫ్యాక్టరీ నుంచి చార్మినార్ రేకులు రాష్ట్రమంతా పరుచుకున్నాయి. సికింద్రాబాద్ నుంచి విశాఖ ఇండస్ట్రీస్ వాళ్లు వచ్చారు. 1976లో అన్నపూర్ణ స్టూడియోస్ మొదలయ్యేనాటికి ఈ గుట్టల మీద అన్నీ బండరాళ్లే. ఆ తరవాత చవగ్గా, తొందరగా కప్పు వెయ్యాలంటే అందరికీ ఈ రేకే దిక్కు. అందులో ఎక్కువ భాగం సిమెంటే, పదోవంతుకు అటూఇటుగా తెల్ల రాతినార, అంటే ఆస్బెస్టాస్. ఇప్పుడు రాతినార లేని రేకులూ వస్తున్నాయి, కంటితో చూసి తేడా చెప్పలేం. అయినా పాత ముడతల రేకుకు పరీక్ష ఖర్చు దండగ. ఫాల్స్ సీలింగ్ పలకలు, ఫ్యూజు బోర్డు వెనక చెక్కలాంటి పలకలు, వీటి మీద అనుమానముంటే మాత్రం ఎన్‌ఏబీఎల్ గుర్తింపున్న ల్యాబుకు చిన్న ముక్క పంపండి. ముక్క తీసేటప్పుడు నీళ్లు చల్లి తడపండి, సుత్తితో కొట్టొద్దు.

2. రేకు వేరు, పూత వేరు. రేకులో నారను సిమెంటు గట్టిగా పట్టుకుని ఉంటుంది. పగలకపోతే, రాపిడి పడకపోతే అది బయటికి రాదు. పాత జనరేటర్ సైలెన్సర్ గొట్టానికి చుట్టిన తెల్లతాడు, బాయిలర్ మీద మెత్తిన పూత, పాత ఏసీ ప్లాంటు పైపుల తొడుగు అలా కాదు, వేలితో నలిపితే పొడిగా రాలుతుంది. రేకుల మేస్త్రీతో "అదీ ఒక చెయ్యేసి పీకెయ్యి" అనకండి. ఆ పని కాంట్రాక్టు వేరు, మనుషులు వేరు, డబ్బు కూడా ఎన్నో రెట్లు.

3. తీయక తప్పదా అని ఒక్కసారి ఆలోచించండి. పగుళ్లు లేకుండా, కదలకుండా ఉన్న కప్పును అలాగే వదిలేసి పైన మంచి పూత వేయించుకోవచ్చు. పూతకు ముందు పాచి పోవాలని వైరు బ్రష్షుతో రుద్దడం, ప్రెషర్ పంపుతో కడగడం చేశారంటే తీయించడం కన్నా ఎక్కువ హాని కొని తెచ్చుకున్నట్టే.

4. ఇక ధర. రేటు ఎంతో నేను రాయను, ఈ ఏడు చెప్పిన అంకె వచ్చే ఏటికి పనికిరాదు. అంకె ఎలా పుడుతుందో తెలిస్తే చాలు. మామూలు మేస్త్రీ చదరపు అడుగు లెక్కన చెప్పేస్తాడు. అతను లెక్కవేసేది కూలీ, నిచ్చెన, డీసీఎం వ్యాను, అంతే. పద్ధతిగా చేసేవాడి లెక్కలో ఇంకా చాలా ఉంటాయి.

ముందు బరువు చూడండి. పదడుగుల రేకు ఒక్కటే నలభై కిలోల పైమాట. వెయ్యి చదరపు అడుగుల కప్పంటే, రేకు మీద రేకు ఎక్కిన భాగం కూడా కలుపుకుంటే, దాదాపు 1,400 కిలోలు. ఈ వ్యర్థాలను పూడ్చే చోట డబ్బు టన్ను లెక్కనే తీసుకుంటారు కాబట్టి కొటేషన్‌లో టన్నుల మాట లేకపోతే ఆ ఖర్చు అతను వేసుకోలేదని అర్థం.

తరవాత సమయం. తుప్పుపట్టిన జె-బోల్టులను ఒక్కొక్కటిగా కత్తిరించి, సబ్బునీళ్లతో రేకు తడిపి, పగలకుండా ఇద్దరు పట్టుకుని కిందికి అందించాలి. పైనుంచి విసిరేస్తే సగం రోజులో అయ్యే పని, ఇలా చేస్తే రెండు మూడు రోజులు పడుతుంది. ఆ రోజుల కూలీ ఎవరో ఒకరు ఇవ్వాలి. ఆ పైన దళసరి ప్లాస్టిక్ షీటులో రెండు చుట్లు చుట్టడం, పారేసే సూట్లు, అసలైన మాస్కులు. మెడికల్ షాపులో దొరికే నీలం మాస్కు, మొహానికి కట్టిన తడి తువ్వాలు ఈ నారను ఆపవు. మూడు కొటేషన్లు తీసుకుంటే ఒకటి మిగతావాటిలో సగానికి సగం ఉంటుంది. ఆ సగంలో పైన చెప్పినవి ఏవేవి లేవో వేలు పెట్టి చూడండి. అవి లేకపోతే ఖర్చు తగ్గినట్టు కాదు, మీ బదులు ఎవరో భరిస్తున్నట్టు.

5. "రేకులు మాకే వదిలేస్తే ఇంత తగ్గిస్తాం సార్." ఈ మాట వినబడగానే కాగితం మడిచి వెనక్కి ఇచ్చేయండి. ఈ కొండ మీద ఎందరో పెద్దమనుషులు ఈ మాటకే సంతోషించారు. ఆ రేకులు ఎక్కడికి పోతాయి? పెద్ద దూరం కాదు. ఫిలింనగర్ బస్తీలో, కృష్ణానగర్ ఇరుకు సందుల్లో ఎవరి గదికో కప్పవుతాయి. బోల్టు కోసం మళ్లీ కన్నాలు పొడుస్తారు, సైజు కోసం కట్టర్‌తో కోస్తారు. సెట్టు వేసే కార్పెంటరో, జూనియర్ ఆర్టిస్టో దాని కింద సంసారం చేస్తారు. పగిలిన ముక్కలు దారి గుంటలో పోసి తొక్కేస్తారు. మన ఇంటి దుమ్ము వాళ్ల ఇంట్లోకి పోయిందన్నమాట. నా ఉద్దేశంలో ఈ వ్యవహారం మొత్తంలో అసలు విషయం ఇదొక్కటే. మిగిలినవన్నీ లెక్కలు.

6. మామూలు కూల్చివేత చెత్తలో కలపనివ్వకండి. జీడిమెట్లలో, ఫతుల్లగూడలో ఉన్న ప్లాంట్లలో శిథిలాలను నలగ్గొట్టి ఇసుక, కంకర చేస్తారు. మంచి పనే, కానీ రాతినార రేకును నలగ్గొట్టడం కన్నా చెడ్డ పని ఇంకోటి లేదు. ప్రమాదకర వ్యర్థాలను పూడ్చిపెట్టే చోటు దుండిగల్‌లో ఉంది, 2001 నుంచి నడుస్తోంది. ఆంధ్రా వైపు వాళ్లకు పరవాడలో ఉంది. లారీ తోలుకెళ్లి గేటు దగ్గర నిలబడితే తీసుకోరు. ముందే మాట్లాడి, కాగితాలు పెట్టి, వాళ్లు ఒప్పుకున్నాకే లోడు ఎక్కించాలి. ఆ పని తెలిసిన కాంట్రాక్టరే మీకు కావలసినవాడు.

7. లైసెన్సు చూపించమని అడిగి లాభం లేదు. ఆస్ట్రేలియాలో పది చదరపు మీటర్లు దాటిన రేకు తీయాలంటే లైసెన్సు ఉండాలి. మెల్‌బోర్న్‌లో ఉండే మనవాళ్లు పాత ఇల్లు కొన్నప్పుడు ఈ ఖర్చు చూసి గుండెలు బాదుకుంటుంటారు. అక్కడ 2003 చివర్నే రాతినారను పూర్తిగా నిషేధించారు. బ్రిటన్ 1999లోనే ఆపేసింది. మన దగ్గర ఇప్పటికీ రేకులు తయారవుతున్నాయి, అమ్ముడుపోతున్నాయి. తీసేవాడికి ప్రత్యేక లైసెన్సంటూ లేదు. కాబట్టి ఎవడైనా "గవర్నమెంట్ సర్టిఫైడ్ ఆస్బెస్టాస్ కంపెనీ" అని కార్డు ఇస్తే ఇంకాస్త జాగ్రత్త పడండి. బదులుగా ఇలా అడగండి: రేకు ఎలా దింపుతావు? తడుపుతావా? కోస్తావా? చివరికి ఎక్కడికి పంపుతావు? వ్యర్థాల విషయంలో ఐఎస్ 11768, జాగ్రత్తల విషయంలో ఐఎస్ 11769 అని బీఐఎస్ వాళ్ల పుస్తకాలున్నాయి, చూశావా? చూడలేదన్నా ఫరవాలేదు. "చూసి రేపు చెప్తాను సార్" అన్నవాడికి ఒక అవకాశం ఇవ్వొచ్చు. "ఏం కాదు సార్, ఇరవై ఏళ్లుగా చేస్తున్నాం, మాకేమైంది?" అన్నవాడిని మాత్రం గేటు దాటించండి.

8. ఆ "మాకేమైంది" గురించి రెండు ముక్కలు. ఈ నార ఊపిరితిత్తుల్లో దిగితే జబ్బు బయటపడేది ఇరవై, ముప్ఫై, నలభై ఏళ్ల తరవాత. 1995లో సుప్రీంకోర్టు ఆస్బెస్టాస్ ఫ్యాక్టరీల విషయంలో చెప్పిన తీర్పులో, కార్మికుల ఆరోగ్య రికార్డులు ఉద్యోగంలో చేరినప్పటి నుంచి కనీసం 40 ఏళ్లు, లేదా మానేశాక 15 ఏళ్లు, ఏది తరవాత వస్తే అంతదాకా ఉంచమంది అందుకే. యూసుఫ్‌గూడ అడ్డా మీద పొద్దున ఏడింటికి దొరికే కూలీకి ఏ రికార్డు ఉంది? పాలమూరు నుంచో శ్రీకాకుళం నుంచో వచ్చినవాడు దగ్గుతో ఊరికి వెళ్లిపోతాడు. ఏ రేకు వల్లో వాడికీ తెలియదు, మనకీ తెలియదు. వాడి బట్టలు ఉతికిన భార్యకు కూడా జబ్బు రావచ్చు. సూట్లు సైట్‌లోనే విప్పించి రేకులతోపాటే కట్టించడం అందుకే. బీడీ మానమని కూడా చెప్పాలి. పొగ, నార రెండూ కలిస్తే ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు బాగా పెరుగుతుంది.

9. దుమ్ము కన్నా ముందు ప్రాణం తీసేది కింద పడటం. ఎండకు ఎండి వానకు తడిసిన రేకు మనిషి బరువు మోయదు. రేకు మీద నేరుగా నడవకుండా పలకలు పరచాలి. కింద ఎవరూ ఉండకూడదు. ఒంటికి సేఫ్టీ హార్నెస్, దాన్ని కట్టడానికి గట్టి ఆధారం ఉండాలి. ఇది కొటేషన్‌లో రాయించండి, పనివాళ్లకు ఇన్సూరెన్సు ఉందో లేదో కూడా. షూటింగ్ జరిగే ఇళ్ల పక్కన "రేపు పొద్దున్నే లైటింగు పెట్టాలి, రాత్రికి రాత్రి దింపేయండి" అంటారు. చీకట్లో రేకుల పని ఒప్పుకోవద్దు, ఎంత పెద్ద హీరో డేట్లయినా సరే.

10. డబ్బు ఇచ్చే తీరు. అడ్వాన్సు కొంత, రేకులన్నీ ప్లాస్టిక్‌లో చుట్టి పెట్టాక కొంత. చీపురుతో పొడి ఊడ్చడం చూస్తే అక్కడే ఆపండి, తడి గుడ్డతో తుడవాలి. చివరి వాటా మాత్రం వేబ్రిడ్జి చీటీ, వ్యర్థాలు తీసుకున్న చోటు ఇచ్చిన రసీదు మీ చేతికి వచ్చాకే. రెంటి మీదా బరువు ఒకటేనా, ఆ బరువు మీ కప్పు సైజుకు సరిపోతుందా చూడండి. వెయ్యి అడుగుల కప్పుకు ఐదొందల కిలోల చీటీ వస్తే మిగతా తొమ్మిదొందలు ఏ సందులోకి వెళ్లాయో ఆ డ్రైవర్‌నే పిలిచి అడగండి.