తోటి పనివారి కోరికను గౌరవించుట

పాఠ్యభాగములు: అపొస్తలుల కార్యములు 21:8–14, ఆదికాండము 47:29–31, 50:1–14



మన చిత్తూరు, తిరుపతి ప్రాంతపు సంఘములలో అనేక కుటుంబములనుండి ఒకరో ఇద్దరో వైద్యశాలలలో పనిచేయుచున్నారు. 1900లో డాక్టరు ఐడా స్కడ్డర్ అమ్మగారు వేలూరిలో ఒక్క మంచముతో ఆరంభించిన వైద్యశాల, 1909లో ఆమె ప్రారంభించిన నర్సుల బడి, 1915లో మదనపల్లె చెంత ఆరోగ్యవరములో తెరువబడిన క్షయరోగుల శానిటోరియము మన పల్లెల బిడ్డలకు ఈ సేవకు దారి చూపినవి. నేడు తిరుపతి రుయా ఆసుపత్రిలోను, స్విమ్స్‌లోను, చిత్తూరు జిల్లా ఆసుపత్రిలోను, చిన్న నర్సింగుహోములలోను మనవారు రాత్రియు పగలును డ్యూటీ చేయుచున్నారు.

వీరు ఇతరుల ప్రాణము నిలుపుటకు పరుగెత్తువారు. అయితే అట్లు పరుగెత్తువారే పనిచేయుచోట కూలిపోయిన యెడల ఏమగును? ఆ ఘడియనుగూర్చి వారు ముందుగానే తమ కోరిక చెప్పియుంచిన యెడల, ప్రక్కన నిలిచిన తోటి పనివారు ఏమి చేయవలెను? ఈ సంగతిని ఈ నెల మన పాఠముగా తీసికొందము.

1. చిక్కు ఎక్కడ ఉన్నది?

ఇట్లు తలంచుడి. ఇరువదియేండ్లు వార్డులలో పనిచేసిన ఒక నర్సమ్మకు నయముకాని క్యాన్సరు వచ్చినది. ఓపిక ఉన్నంతవరకు ఆమె డ్యూటీకి వచ్చుచున్నది. బిడ్డల చదువు ఒక కారణము, పనిలో దొరకు నెమ్మది మరియొక కారణము. “నా గుండె ఆగిననాడు నా ఛాతీని నొక్కవద్దు, గొంతులో గొట్టము వేయవద్దు, నన్ను యంత్రముపై ఉంచవద్దు” అని ఆమె నిశ్చయించుకొన్నది. ఆమె తెలియక చెప్పిన మాట కాదు ఇది. ఆ పని తన చేతులతో ఎందరికో చేసినది.

ఆ పని ఎట్టిదో తెలియనివారికి కొంచెము చెప్పవలెను. దానిని సి.పి.ఆర్. అందురు. ఛాతీని చేతులతో నొక్కి గుండెను నడిపించు ఈ పద్ధతిని 1960లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ వైద్యులు ప్రకటించిరి. పెద్దవారికైతే ఛాతీ మధ్యభాగమును 5 సెంటీమీటర్లైనను లోతుగా, నిమిషమునకు 100 మొదలు 120 సార్లు నొక్కవలెను. ప్రక్కటెముకలు విరుగుట సాధారణమే. అకస్మాత్తుగా గుండె ఆగినవారికి ఇది గొప్ప మేలు. ఎందరో దీనివలన లేచి ఇల్లు చేరిరి. అయితే అమెరికా లెక్కలలో సహితము ఆసుపత్రిలో ఈ చికిత్స పొందినవారిలో నలుగురైదుగురిలో ఒకరే ప్రాణముతో ఇల్లు చేరుచున్నారు. ముదిరిన, నయముకాని రోగముగలవారిలో ఆ ఆశ మరింత తక్కువ.

ఇప్పుడు ఆ నర్సమ్మ డ్యూటీగదిలో పడినదనుకొనుడి. పరుగెత్తి వచ్చువారు ఆమెతో కూడ క్యారియరు విప్పి అన్నము తిన్నవారే. వారి చేతులు నేర్చిన పని వాటంతట అవే చేయును. “అక్కను మనమెట్లు వదలుదుము?” అని హృదయము అడుగును. “అక్క ఏమి కోరినది?” అను ప్రశ్న ఆ తొందరలో ఎవరికి తోచును?

2. కైసరయలో ఏడ్చిన స్నేహితులు

పౌలు యెరూషలేమునకు పోవుచు కైసరయలో ఫిలిప్పు ఇంట దిగెను. అగబు అను ప్రవక్త వచ్చి పౌలు నడికట్టుతో తన చేతులను కాళ్లను కట్టుకొని, దాని యజమానునికి యెరూషలేములో ఇట్లే జరుగునని తెలిపెను. అది విని అక్కడివారందరు పౌలును వెళ్లవద్దని బతిమాలిరి. ఈ వృత్తాంతము వ్రాసిన లూకా తన్నుకూడ వారిలో చేర్చుకొని చెప్పుచున్నాడు. ఈ లూకా వైద్యుడని కొలొస్సయులకు వ్రాసిన పత్రిక 4:14 వలన మనకు తెలియును. అనగా ఆ బతిమాలినవారిలో ఒక వైద్యుడును ఉండెను!

ఇక్కడ మనము మూడు సంగతులు చూడవలెను.

మొదటిది, వారు తమ ప్రేమను దాచలేదు. బతిమాలుట తప్పు కాదు. “మరల ఆలోచింపుము, అక్కా” అని చెప్పు హక్కు స్నేహమునకు కలదు.

రెండవది, వారి కన్నీళ్లు తన గుండెను పగులగొట్టుచున్నవని పౌలు చెప్పెను. మన ప్రేమ మితిమీరి పట్టుపట్టినప్పుడు, మనము ప్రేమించువారికే అది భారమగును.

మూడవది, అతడు ఒప్పుకొననందున వారు ఊరకుండి, ప్రభువు చిత్తమునకు ఆ సంగతిని అప్పగించిరి. వారు అతనిని త్రాళ్లతో కట్టి ఆపలేదు. ప్రేమ తగ్గినందున కాదు. అతని జీవితము తమ ఆస్తి కాదని ఎరిగినందున.

3. యోసేపు చేతిలోని అధికారము

యాకోబు మరణకాలము సమీపించినప్పుడు యోసేపును పిలిచి, తన్ను ఐగుప్తులో పాతిపెట్టవద్దని, తన పితరుల సమాధిలో ఉంచవలెనని ప్రమాణము చేయించెను. యోసేపు ఐగుప్తు దేశమంతటిమీద అధికారి. వైద్యులు అతని ఆజ్ఞ క్రింద ఉండిరి. చనిపోయిన తండ్రి ఎదురు చెప్పలేడు. అయినను యోసేపు ఫరోను సెలవడిగి, కనానువరకు ప్రయాణమై వెళ్లి ఆ మాట నెరవేర్చెను.

నోరు మూతపడినవారిమీద మనకు పూర్తి అధికారము చిక్కును. స్పృహ తప్పిన మనిషి మంచముమీద ఉండగా డాక్టరుకును నర్సుకును బంధువులకును కలుగు అధికారము అట్టిదే. ఆ సమయమందే ముందు చెప్పిన మాటకు విలువ.

యాకోబు కోరినది మరణము తరువాతి సంగతియే. మనము మాటలాడుచున్నది మరణ ఘడియనుగూర్చి. అయినను, చెప్పగలిగినప్పుడే చెప్పుటయు, విన్నవారు మరువకుండుటయు రెంటికిని ఒక్కటే.

4. అడుగబడని ఒక నర్సు

మన దేశములో ఈ సంగతి న్యాయస్థానములవరకు వెళ్లుటకు ఒక నర్సు జీవితముకూడ ఒక కారణమాయెను. అరుణా శాన్‌బాగ్ ముంబయి కె.ఇ.ఎం. ఆసుపత్రిలో నర్సు. 1973 నవంబరు 27న ఆ ఆసుపత్రిలోనే ఒక పనివాడు ఆమె మెడకు కుక్క గొలుసు బిగించి దౌర్జన్యము చేసెను. మెదడుకు ప్రాణవాయువు అందక ఆమె మరల మామూలు స్పృహలోనికి రాలేదు. 2015 మే 18న మరణించువరకు, సుమారు 42 సంవత్సరములు, ఆ ఆసుపత్రి నర్సులు తరము వెంబడి తరము ఆమెను తమ బిడ్డవలె చూచుకొనిరి. తోటి పనివారి ప్రేమకు ఇంతకంటె గొప్ప సాక్ష్యము అరుదు.

ఆమెకు బలవంతముగా పెట్టు ఆహారమును ఆపవలెనని పింకీ విరానీ అను రచయిత్రి సుప్రీంకోర్టును ఆశ్రయించెను. 2011 మార్చి 7న న్యాయమూర్తులు ఆ కోరికను ఒప్పుకొనలేదు. ఆమెను అన్ని ఏండ్లు సాకిన ఆసుపత్రివారే ఆమెకు ఆప్తులని, ఆమె బ్రదుకవలెనని వారు కోరుచున్నారని చెప్పిరి. అయితే అరుణ తాను ఏమి కోరియుండును? ఆ ఒక్క మాట ఎవరియొద్దను లేదు. ఆరోగ్యముగానున్న పడుచు నర్సును ఆ ప్రశ్న ఎవరు అడుగుదురు?

మన తెలుగుదేశములో మరియొకటి జరిగినది. 2004లో హైదరాబాదులో వెంకటేశ్ అను చదరంగపు ఆటగాడు, 25 ఏండ్లవాడు, కండరముల క్షీణరోగముతో వెంటిలేటరుపై నుండెను. అవయవములు చెడకముందే దానిని తీసివేసి వాటిని ఇతరులకు ఇమ్మని కోరెను. చట్టము ఒప్పదని హైకోర్టు చెప్పెను. ఆ డిసెంబరులోనే అతడు మరణించెను. అరుణ విషయములో మాట లేదు. వెంకటేశ్ విషయములో మాట ఉన్నను దారి లేదు.

5. ఇప్పుడు చట్టము చూపు దారి

2018 మార్చి 9న సుప్రీంకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనము, గౌరవముగా మరణించుటకూడ జీవించు హక్కులో భాగమని తీర్పు చెప్పి, లివింగ్ విల్ అను ముందస్తు పత్రమునకు విలువనిచ్చెను. ఆ పద్ధతి కష్టముగానున్నందున 2023 జనవరి 24న దానిని సులభము చేసెను. మేజరై, మంచి బుద్ధిలోనున్న ఎవరైనను దీనిని వ్రాయవచ్చును. ఇద్దరు సాక్షులు సంతకము చేయవలెను. మేజిస్ట్రేటుకు బదులుగా నోటరీగాని గెజిటెడ్ ఆఫీసరుగాని ధ్రువపరచిన చాలును. తన పక్షమున మాటలాడువారి పేరు అందులో వ్రాయవలెను. మనస్సు మారిన యెడల ఎప్పుడైనను వ్రాతపూర్వకముగా రద్దుచేయవచ్చును.

కాని ఒకటి గమనించుడి. ఈ పత్రము నయమగునని ఆశలేని రోగమునందే పనిచేయును. అప్పుడును వైద్యుల రెండు బోర్డులు చూచి ఒప్పుకొనవలెను. ఇది క్షణములో ముగియునది కాదు. కాబట్టి కాగితము చేతిసంచిలో ఉన్నంతమాత్రమున, డ్యూటీగదిలో పడినవేళ అది పనికిరాదు. ముందుగా మాటలాడుకొనవలసినది చాల ఉన్నది. గుండె ఆగినను సి.పి.ఆర్. చేయకూడదని చికిత్సచేయు డాక్టరు ముందుగానే రోగితో ఆలోచించి వ్రాసియుంచు విధానమును 2020లో భారత వైద్య పరిశోధన మండలి ప్రకటించినది.

6. పనిచేయుచోట అనుసరింపదగినవి

క. కోరిక తెలియని యెడల, లేక ఆరోగ్యవంతుడు అకస్మాత్తుగా పడిన యెడల, సందేహింపక సి.పి.ఆర్. మొదలుపెట్టవలెను. ఒకవేళ రోగముగల ఆ నర్సమ్మకే అన్నము గొంతులో అడ్డుపడిన యెడల, దానిని తీసి కాపాడవలెను. ఆమె వద్దన్నది గుండె ఆగిన తరువాతి సంగతి మాత్రమే.

ఖ. కోరికగలవారు తమ డాక్టరుతో మాటలాడి వ్రాయించుకొని, నర్సింగు సూపరింటెండెంటుకును, నమ్మకమైన ఒకరిద్దరు తోటి పనివారికిని, ఇంటివారికిని తెలుపవలెను. పెట్టెలో తాళమువేసిన పత్రము పలుకదు.

గ. విన్నవారు దానిని గుట్టుగా కాపాడవలెను. తాను పనిచేయుచోటనే చికిత్స పొందు నర్సు కేసుషీటును తెరచి చూచుటకు ఎందరికో వీలుండును. టీ త్రాగుచోట దానిని మాటలాడుకొనుట దొంగతనమువంటిది. ఆ కారణమున ఆమెను పనికి తగనిదానిగా చూడరాదు.

ఘ. సి.పి.ఆర్. వద్దనుట అన్నియు వద్దనుట కాదు. నొప్పి తగ్గించుట, తెర వేయుట, ఇంటివారిని పిలుచుట, చేయి పట్టుకొని కూర్చుండుట, అడిగినచో ప్రార్థించుట ఎప్పటివలెనే చేయవలెను. తన తోటివారి యెదుట బట్టలు చించబడి పడియుండకుండవలెనని కోరినదానికి, ఆ తెరయే గొప్ప మర్యాద.

ఙ. “నా చేతులు ఊరకుండలేవు” అనువారు ముందుగానే చెప్పవలెను; వేరొకరు ఆ స్థలములో నిలుతురు. తెలియక మొదలుపెట్టినవారిని ఎవరును నిందింపరాదు. సంగతి తెలిసిన తరువాత ఆపుట డాక్టరు నిర్ణయింపవలెను.

7. ఇది ఆత్మహత్య కాదా?

ఈ ప్రశ్న మన విశ్వాసులు అడుగుచున్నారు. ప్రాణము తీసికొనుటయు, రాబోవు మరణమును యంత్రములతో అడ్డగింపకుండుటయు ఒక్కటి కావు. మందిచ్చి ప్రాణము తీయుటకు మన చట్టము ఒప్పదు. పౌలు చావును వెదకలేదు. తన పరుగు ఎచ్చటికి పోవునో ఎరిగి నడచెను. నయముకాని రోగముతో తన కాలము ఎరిగినవారు అట్లే నడువవచ్చును.

అయితే దీనికి ఎదుటి ప్రక్కను జాగ్రత్త కావలెను. ఖర్చునకు భయపడి ఇంటివారుగాని, మంచము కొరకు తొందరపడి అధికారులుగాని, బీదవారిచేత ఇట్టి పత్రముమీద సంతకము పెట్టించుట మహాపాపము. బ్రదుకగోరువారి కోరికయు కోరికయే. చివరివరకు చికిత్స కావలెనని చెప్పిన తోటి పనివారికొరకు చివరివరకు పోరాడవలెను. మన ఇష్టమును వారిమీద మోపకుండుటయే రెండు ప్రక్కలను మన విధి.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. కైసరయలోని స్నేహితులు ఎప్పుడు బతిమాలిరి? ఎప్పుడు ఊరకుండిరి? మనము సాధారణముగా ఈ రెంటిలో దేనిని మరచుదుము?

2. మీ ఇంటిలో వైద్యశాలలో పనిచేయువారున్న యెడల, ఆ ఘడియనుగూర్చి వారి కోరిక మీకు తెలియునా? ఎప్పుడైనను అడిగితిరా?

3. తోటివారు గుట్టుగా చెప్పిన సంగతిని మన సంఘములో ఎంతవరకు కాపాడుచున్నాము?

ఈ నెల స్త్రీల కూడికలోనైనను, యౌవనుల కూడికలోనైనను ఈ పాఠము చదువునప్పుడు, మీ సంఘమునందలి నర్సులను, వార్డు బాయిలను, ఆయాలను ముందు వరుసలో కూర్చుండబెట్టి, మొదట వారినే మాటలాడనియ్యుడి. ఇతరుల పడకల ప్రక్కను వారు చూచినది మనము చూడలేదు. వారు చెప్పునది ముగియువరకు మనము విందము.