సైకిలు చిన్న సామానులు పోయినప్పుడు వెదకు విధము

డోను, ప్యాపిలి, బేతంచెర్ల ప్రాంతములలో పొలములకు పోవు దారులు పెక్కు రాతిదారులు. అట్టి దారిలో దినదినము అదరు సైకిలునందు నట్టులు వదులగుటయు, వదులైనవి తెలియకయే జారిపోవుటయు సహజము. పోయిన వస్తువు వెల స్వల్పము. కాని అది లేక సైకిలు కొట్టములో మూల చేరినచో పాలక్యాను, ఎరువుసంచి మోసికొని రైతు నడువవలసి వచ్చును. అంతకంటె పెద్ద హాని మరియొకటి గలదు. సరిపడని వస్తువును బలవంతముగా బిగించినచో, చిన్న నట్టు కొరకై ఇరుసే చెడిపోవును. కావున ఏ వస్తువును ఏ కొలతతో వెదకవలెనో రైతు సోదరులు తెలిసికొనుట మేలు.

మొదటి సూత్రమిది: పోయినదాని కొలత మిగిలినదానియందు గలదు. సైకిలులో అనేక భాగములు జంటలు. ఎడమ కాటరు పోయినచో కుడి కాటరు ఉన్నది. ఇరుసునకు ఒక కొన నట్టు పోయినచో రెండవ కొన నట్టు ఉన్నది. అంగడికి ఉత్తచేతులతో పోయి "సైకిలు నట్టొకటి ఇమ్ము" అని యడుగుట వ్యర్థము. మిగిలిన జంటను విప్పి తీసికొని పోవలెను. లేదా సైకిలునే నడిపించుకొని పోయి, అచ్చటనే అమర్చి చూడవలెను.

నట్టులు: మన ఊళ్లలో తరచు జరుగు పొరపాటు, మోటారు పంపు సామానుల పెట్టెలోని నట్టును సైకిలు ఇరుసునకు తొడుగుట. బ్రిటిషు మాదిరి పాత సైకిళ్లలో ముందు ఇరుసు అంగుళములో 5/16 వంతు, వెనుక ఇరుసు 3/8 వంతు లావు. వీనికి అంగుళమునకు 26 మరచుట్లు. ఇనుపసామానుల అంగడిలో అమ్ము అదే లావు పాత అంగుళపు బోల్టునకు చుట్లు 16 లేక 18 మాత్రమే. లావు ఒకటియే యైనను చుట్లు కలియవు. స్పానరుతో బలముగా త్రిప్పినచో ఇరుసు మర నలిగిపోవును. మిల్లీమీటర్ల కొలతతో చేసిన సైకిళ్లలో వెనుక ఇరుసు 10 మిల్లీమీటర్లు. పాత 3/8 అంగుళపు ఇరుసు తొమ్మిదిన్నర మిల్లీమీటర్లు. ఈ పది మిల్లీమీటర్ల నట్టు పాత ఇరుసుపై సులభముగా ఎక్కి సరిపోయినట్లే కనుపించును. బిగించునప్పుడు జారును, లేదా దారిలో ఊడును. కావున పరీక్ష ఇది: సరియైన నట్టు వ్రేళ్లతోనే మూడు నాలుగు చుట్లు ఎక్కవలెను, ఎక్కిన పిమ్మట ప్రక్కలకు ఊగరాదు.

కాటరు: పెడలు కాడను నడిమి ఇరుసునకు పట్టి యుంచు చిన్న మేకు ఇది. ఒకవైపు చదునుగా ఏటవాలుగా నుండును. మన రోడ్డు సైకిళ్లలో దీని లావు సాధారణముగా తొమ్మిదిన్నర మిల్లీమీటర్లు. కొన్ని విదేశపు సైకిళ్లలో తొమ్మిది. సన్నని కాటరు వేసినచో కాడ ప్రతి త్రొక్కునకు కొంచెము కదలును. కొలది దినములలో ఇరుసుగాడి, కాడకన్ను రెండును అరిగిపోవును. మామూలు మేకును కొట్టి నడుపుట ఎన్నడును కూడదు. అది విరిగినచో త్రొక్కుచున్న కాలు జారి మనుష్యుడు పడును. చదునువైపు ఇరుసుగాడికి ఆనునట్లు పెట్టి, కాడక్రింద గట్టి కొయ్యమొద్దు ఆనించి సుత్తితో కొట్టి, పిదప నట్టు బిగింపవలెను. రెండు కాటర్లును ఎదురెదురు దిక్కులనుండి దూర్పవలెను. లేనిచో పెడళ్లు ఒకే వరుసలో నిలువవు.

గుండ్లు: సాధారణపు రోడ్డు సైకిలు వెనుక చక్రమునకు పావు అంగుళపు గుండ్లు ప్రక్కకు తొమ్మిది, ముందు చక్రమునకు 3/16 అంగుళపు గుండ్లు ప్రక్కకు పది, నడిమి ఇరుసునకు పావు అంగుళపు గుండ్లు ప్రక్కకు పదునొకండు. ఒక గుండు పోయినచో ఒక్కటే కొనుట పొదుపువలె తోచును గాని, అది నష్టము. పాతవి అరిగి కొంచెము చిన్నవై యుండును. క్రొత్తది పెద్దదై భారమంతయు తానే మోయును, గిన్నెను త్రొక్కి గుంట చేయును. ఆ ప్రక్క గుండ్లన్నియు ఒక్కసారి మార్చుటయే లాభము.

పెడలు: జంటను చూచి కొనవలెనను సూత్రమునకు ఇది మినహాయింపు. ఎడమ పెడలు మర ఎడమకు త్రిప్పిన బిగియును; కుడి పెడలు మర కుడికి. త్రొక్కుడువలన వదులు కాకుండుటకే ఇట్లు చేసిరి. కుడిదానిని ఎడమ కాడలో బలవంతముగా త్రిప్పినచో కాడ మర పాడగును. పెడలు ఇరుసు కొనపై ఎల్, ఆర్ అను అక్షరములు చెక్కి యుండును. వానిని చూచి తీసికొనవలెను.

చెయిను, వాల్వు: చెయినును కలుపు లింకు పైనుండు చిన్న స్ప్రింగు పట్టీ తరచు ఎగిరిపోవును. క్రొత్తది అమర్చునప్పుడు దాని మూసిన కొన చెయిను పోవు దిక్కునకు ఉండవలెను. తెరచిన కొన ముందున్నచో దేనికైన తగిలి మరల ఊడును. వాల్వు రబ్బరు ఎండకు గట్టిపడి చీలును. గాలి నిలువనప్పుడు పంక్చరని ట్యూబు విప్పుటకు ముందు ఈ రబ్బరును చూడవలెను.

కంపెనీ మూతపడినది గనుక సామాను దొరకదని కొందరు భయపడుదురు. 1951లో సోనీపత్తున స్థాపింపబడిన అట్లాసు కంపెనీ 2020 జూన్ 3న సాహిబాబాదులోని తన కడపటి కార్ఖానాను నిలిపివేసెను. అయినను అట్లాసు రోడ్డు సైకిలు మూలపడ నక్కరలేదు. 1949లో మదరాసునందు ఏర్పడిన టి.ఐ. సైకిల్సు వారి హెర్క్యులీసు, 1956లో లూధియానాలో మొదలైన హీరో, అట్లాసు, ఈ కంపెనీల రోడ్డు సైకిళ్లన్నియు బ్రిటిషు మాదిరినే అనుసరించినవి. కావున కాటరు, గుండ్లు, చెయిను లింకు వంటివి పెక్కు ఒకదానివి మరియొకదానికి సరిపడును. అంగడిలో కంపెనీ పేరు కంటె కొలత చెప్పుట ముఖ్యము. క్రొత్త అంగళ్లలో గేర్ల సైకిళ్ల సామానులే కనుపించినచో, పాత మరమ్మతు అంగడివాని డబ్బాను అడుగవలెను. విప్పివేసిన పాత సైకిళ్ల నట్టులు, కోనులు అచ్చట దొరకుట కలదు.

దొరకువరకు తాత్కాలికముగా ఏది చేయవచ్చును? మడ్గార్డు కమ్మి మర పోయినచో తీగతో కట్టవచ్చును. చెయిను కవరునకును అట్లే. వాల్వు మూత లేకున్నను గాలి పోదు; దుమ్ము మాత్రము చేరును. కాని చక్రపు నట్టు, కాటరు, బ్రేకు కమ్మి మర, హ్యాండిలు బోల్టు, ఈ నాలుగింటికి తీగయు మేకును పనికిరావు. ఇవి లేనప్పుడు సైకిలు ఎక్కక నడిపించుకొని పోవుటయే క్షేమము.

చివరగా సంఘ సభ్యులకు ఒక మనవి. ఒక్కొక్క రైతు ఒక్కొక్క కాటరునకై డోను బజారునకు పోయివచ్చుటలో అరపూట పని చెడును. గ్రామసంఘము వారు ఒక డబ్బాలో రెండు కొలతల గుండ్లు, కాటర్లు, ఇరుసు నట్టులు, చెయిను లింకులు, వాల్వు రబ్బర్లు నిలువయుంచి, కొన్న వెలకే సభ్యులకు ఇచ్చినచో ఖర్చు స్వల్పము, ఉపకారము అధికము. ఒక్కొక్క సామాను పొట్లముపై దాని కొలత వ్రాసి యుంచవలెను. వారమునకొకసారి స్పానరు పట్టి నట్టులన్నియు బిగించు అలవాటు గల రైతునకు ఆ డబ్బాతో పని అరుదుగానే పడును.