ఎలక్ట్రానిక్ పరిశోధన సూచికలు – వాని నవీకరణము: జంషెడ్‌పూరు తెలుగు ఉదాహరణముగా

గ్రంథాలయమునకు గ్రంథమెంత ముఖ్యమో గ్రంథసూచియు నంత ముఖ్యము. సూచిలో జాడ తెలియని గ్రంథము బీరువాలో నున్నను లేనట్టిదే యగును. చీటీల పెట్టెలున్న కాలమున ఈ సూచి ఒక గదికి పరిమితమై యుండెడిది. చీటీ తప్పుచోట చేరినచో గ్రంథపాలకుడు చూచి సరిదిద్దెడివాడు. నేడు ఆ పెట్టెల స్థానమును ఎలక్ట్రానిక్ డేటాబేసులు గ్రహించినవి. ఇవి ఒక్క రూపమున నిలిచియుండునవి కావు. నిన్న కనబడిన గ్రంథము నేడు కనబడకపోవచ్చును. నిన్న లేనిది నేడు చేరవచ్చును. ఈ మార్పునకే నవీకరణమని పేరు.

నవీకరణమనగా క్రొత్తవి చేర్చుట మాత్రమే యని సామాన్యాభిప్రాయము. విచారించిచూడగా అందు మూడు వ్యాపారములు కానవచ్చుచున్నవి: చేర్చుట, సవరించుట, తొలగించుట. ఈ మూడింటిని వేర్వేరుగా గుర్తింపని పరిశోధకుడు "ఈ విషయముపై ఇంతవరకు పరిశోధన జరుగలేదు" అను వాక్యమును తొందరపడి వ్రాయును. సిద్ధాంతగ్రంథముల పీఠికలలో తఱచుగా కనబడు ఈ వాక్యమునకు ఎలక్ట్రానిక్ సూచి ఎంతవరకు ఆధారము కాగలదో పరిశీలించుట ఈ వ్యాసమున కుద్దేశము.

1. ఉదాహరణస్థలము

ఈ పరిశీలనమునకు జంషెడ్‌పూరు తగిన స్థలము. 1907లో టాటా ఉక్కు కంపెనీ స్థాపితమైన పిమ్మట సాక్చి ప్రాంతమున కర్మాగారము వెలసెను. 1919లో ఆ పట్టణమునకు జంషెడ్‌పూరని పేరిడబడెను. పనులకై దేశపు నలుమూలలనుండి వచ్చి స్థిరపడినవారిలో ఉత్తరాంధ్రమువారును కలరు. బిష్టుపూరులోని ఆంధ్రభక్త శ్రీరామ మందిరము వారి నివాసమునకు నేటికిని గుర్తుగా నున్నది. హిందీ, బంగాళీ, ఒడియా, సంతాలీ, హో భాషల నడుమ తరతరములుగా వాడుకలోనున్న తెలుగు భాషాశాస్త్రమునకు విలువగల సామగ్రి యనుటలో సందేహము లేదు.

ఈ నగరమున విద్యాసంస్థలకు కొదవలేదు. 1949లో ఎక్స్.ఎల్.ఆర్.ఐ., 1950లో జాతీయ లోహశాస్త్ర ప్రయోగశాల, 1960లో ప్రాంతీయ ఇంజనీరింగు కళాశాల ఏర్పడినవి. ఈ కడపటిది 2002లో జాతీయ సాంకేతిక విద్యాసంస్థ యైనది. వీని గ్రంథాలయములు నిర్వహణశాస్త్రమునకు, లోహశాస్త్రమునకు, ఇంజనీరింగునకు ఉద్దేశింపబడినవి. వానినుండి తెలుగు గ్రంథసంచయము నాశించుట న్యాయము కాదు. 1954 నాటి గ్రంథసమర్పణ చట్టమును బట్టి తెలుగు ముద్రితగ్రంథములు చేరవలసిన జాతీయ గ్రంథాలయము కలకత్తాలో నున్నది. టాటానగరునుండి హౌరాకు రైలుమార్గము సుమారు 250 కిలోమీటర్లు. హైదరాబాదునందలి విద్యార్థి సూచి తప్పినను బీరువాలు వెదకగలడు, పెద్దల నడుగగలడు. జంషెడ్‌పూరునందలి విద్యార్థికి సూచియే బీరువా, సూచియే పెద్ద. కావున సూచిలోని దోషము దగ్గరనున్నవానికంటె దూరముననున్నవానికి ఎక్కువ హాని కలిగించును.

2. చేర్చుట

ఇటీవలి చేర్పులలో మిక్కిలి పెద్దది "వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్" పథకము. కేంద్ర మంత్రివర్గము దీనిని 2024 నవంబరు 25న ఆమోదించెను. 2025, 2026, 2027 సంవత్సరములకు 6,000 కోట్ల రూపాయలు కేటాయింపబడినవి. 30 అంతర్జాతీయ ప్రచురణసంస్థల దాదాపు 13,000 పత్రికలు ప్రభుత్వ నిర్వహణలోనున్న 6,300కు పైబడిన విద్యా పరిశోధన సంస్థలకు అందుబాటు చేయుట దీని సంకల్పము. గాంధీనగరునందలి ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రము దీనిని సమన్వయపఱచుచున్నది.

ఇది మహోపకారమే. భాషాశాస్త్రము, నృవిజ్ఞానము, వలసల చరిత్ర మున్నగు విషయములపై విదేశపత్రికలు ఇంతకు పూర్వము చిన్నసంస్థలకు అందరానివిగా నుండెను. అయినను ఈ పట్టికనుండి తెలుగు విద్యార్థి ఏమి యాశింపవచ్చునో, ఏమి యాశింపరాదో స్పష్టముగా తెలిసికొనవలయును. 1924లో కాశీనాథుని నాగేశ్వరరావు ప్రారంభించి, 1991 వరకు నడచిన "భారతి" వంటి పత్రిక ఇందు లభింపదు. తెలుగు పరిశోధనలో పెద్దభాగము అట్టి పత్రికలలోనే యున్నది. పదమూడువేల పత్రికలు వెదకి ఫలితము లేదనుకొన్నవాడు, తాను వెదకినది తెలుగు పరిశోధన లేనిచోట నని గ్రహింపవలయును.

తెలుగు విద్యార్థికి ఇంతకంటె సన్నిహితమైనది ఇన్‌ఫ్లిబ్‌నెట్ వారి శోధ్‌గంగా. విశ్వవిద్యాలయ ధనసహాయ సంఘము 2009లో చేసిన నియమములు సిద్ధాంతగ్రంథముల ఎలక్ట్రానిక్ ప్రతులను సమర్పించు పద్ధతికి దారితీసినవి. వాని ఫలితముగా తెలుగు సిద్ధాంతగ్రంథములును అచట చేరుచున్నవి. కాని నియమమునకు పూర్వపు గ్రంథములు ఆయా విశ్వవిద్యాలయములు శ్రద్ధ వహించిన మేరకే చేరినవి. కావున అచట 1970 నాటి గ్రంథము లేకపోవుట ఆ గ్రంథము వ్రాయబడలేదనుటకు నిదర్శనము కాదు.

3. సవరించుట

సవరణములలో ముఖ్యమైనవి పేర్ల సవరణములు. ఒకే వ్యక్తికి, ఒకే సంస్థకు, ఒకే ఊరికి గల పలు పేర్లను ఒక్కచోట కలుపుట సూచికారుని ధర్మము. ఈ పని జరుగనిచో అన్వేషణము చీలిపోవును.

ఊరి పేరునే తీసికొందము. జంషెడ్‌పూరు 1919కి ముందు సాక్చి. సింగ్‌భూమ్ జిల్లా 1990లో తూర్పు పడమరలుగా విభక్తమైనది. రాష్ట్రము మాట మఱింత చిక్కు: ఈ ప్రాంతము 1912 వరకు బంగాళమున, 1936 వరకు బీహారు-ఒరిస్సా సంయుక్త రాష్ట్రమున, 2000 నవంబరు 15 వరకు బీహారున, తదాది ఝార్ఖండున ఉన్నది. వలసవచ్చినవారి స్వస్థలమునకును ఇదే గతి. శ్రీకాకుళం జిల్లా 1950లో ఏర్పడినది. అంతకు ముందు వచ్చినవారు విశాఖపట్టణము జిల్లావారుగనో గంజాం జిల్లావారుగనో పత్రములకెక్కిరి. "ఝార్ఖండునందలి శ్రీకాకుళమువారు" అని వెదకువానికి 1930 నాటి పత్రమేదియు దొరకదు. దొరకకపోవుటకు కారణము వారు లేకపోవుట కాదు, ఆ రెండు పేర్లును అప్పటికి లేకపోవుట.

సంస్థల పేర్లకును ఈ న్యాయమే వర్తించును. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి 1957లో ఏర్పడి 1983లో రద్దయ్యెను. 1985లో స్థాపితమైన తెలుగు విశ్వవిద్యాలయమున అకాడమీల పనులు చేరినవి. ఆ విశ్వవిద్యాలయమే తరువాత పొట్టి శ్రీరాములు పేరిటను, 2025లో తెలంగాణ శాసనసభ నిర్ణయమున సురవరం ప్రతాపరెడ్డి పేరిటను వ్యవహృతమైనది. ప్రచురణకర్తను బట్టి వెదకువాడు ఈ నామపరంపర నంతను ఎఱుగవలయును.

4. లిపి

తెలుగు గ్రంథములకు ఇంకొక చిక్కు కలదు, అది లిపిగతము. చిరకాలము అంతర్జాతీయ సూచికలలో తెలుగు శీర్షికలు రోమను లిపిలోనే వ్రాయబడెడివి. పండితులు అక్షరములమీద గీతలు, క్రింద చుక్కలు ఉంచి భేదములను కాపాడిరి. ఆ గుర్తులు కంప్యూటరులో జాఱిపోయినచో కల, కళ, కాల, కాళ అను నాలుగు మాటలును ఒకే నాలుగక్షరముల రోమను పదముగా మిగులును.

భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వమున 1962లో సాహిత్య అకాడమి ప్రకటించిన మాండలిక వృత్తిపదకోశము మొదటి సంపుటము వ్యవసాయపదములకు సంబంధించినది. ఉక్కు కర్మాగారమున పనిచేయు తెలుగువారి వృత్తిపదములను సేకరింపదలచిన విద్యార్థికి ఇది మార్గదర్శకము. కాని "వృత్తి" అను మాటలోని ఋత్వమును ఉత్తరదేశమువారు ఇకారముతోను, దక్షిణదేశమువారు ఉకారముతోను, పండితులు రేఫము క్రింద చుక్కతోను రోమనులో వ్రాయుదురు. హిందీ ప్రాంతమున చదివిన విద్యార్థి తన అలవాటు ననుసరించి వెదకినచో ఈ గ్రంథము అతనికి కనబడకపోవచ్చును.

తెలుగు లిపిలోనే వెదకినను సమస్య తీరిపోదు. వేరు అనగా మూలము, వేఱు అనగా భిన్నము. ఏడు సంఖ్య, ఏఁడు సంవత్సరము. పూర్వముద్రణములు ఈ భేదమును పాటించినవి. నేటి ముద్రణములు పెక్కు పాటింపవు. శకటరేఫముతోనున్న శీర్షిక సాధురేఫముతో వెదకినచో సామాన్యముగా దొరకదు. పాత అచ్చులోని వలపలగిలక తొమ్మిదవ అంకెను పోలియుండుటచే, బింబమునుండి అక్షరములను గ్రహించు యంత్రము దానిని అంకెగా చదువుట కద్దు.

1991లో వెలువడిన యూనికోడ్ మొదటి కూర్పునందే తెలుగున కొక విభాగము కలదు. కాని ౘ, ౙ లకు 2008లోను, ప్రాచీనశాసనములందలి ఴ కు 2014లోను, ౚ కు 2015లోను, నకారపొల్లునకు 2021లోను స్థానము లభించినది. గ్రంథాలయపు యంత్రసామగ్రి ఈ కూర్పులకు తగినట్లు నవీకృతము కానిచో శాసనపాఠమున ఆయా యక్షరములున్నచోట ఖాళీ గడులు మాత్రమే కనబడును. ఇక యూనికోడ్ కాని అచ్చుటక్షరములలో కూర్చిన సిద్ధాంతగ్రంథముల స్థితి శోచనీయము. అవి కంటికి తెలుగు, యంత్రమునకు అర్థములేని రోమను అక్షరముల వరుస. అట్టి గ్రంథము సూచిలో చేరియు, దానిలోపలి ఒక్క మాటయైనను వెదకుటకు వీలులేక యుండును.

5. తొలగించుట

తొలగింపు నిశ్శబ్దముగా జరుగును, కావున అపాయకరము. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా అను పథకము వేలకొలది తెలుగు గ్రంథములను బింబరూపమున అందించెను. దాని మూలస్థానము మూతపడినది. ఆ గ్రంథములలో పెక్కు ఇంటర్నెట్ ఆర్కైవునందు ప్రతులుగా నిలిచియుండుట అదృష్టము. అచటి గుర్తింపుసంఖ్యలలో 2015 అను అంకె కానవచ్చును. దానిని ముద్రణవత్సరముగా భ్రమపడరాదు. గ్రంథపు అచ్చునాటితో దానికి ఏ సంబంధమును లేదు.

ఇట్లే పరిశోధనపత్రికల యోగ్యతను నిర్ణయించుటకు 2018లో ఏర్పాటైన యు.జి.సి. కేర్ పట్టిక 2025 ఫిబ్రవరిలో విరమింపబడినది. పత్రికల మంచిచెడ్డలను నిర్ణయించు భారము ఇప్పుడు విద్యాసంస్థలపైనను, పరిశోధకులపైనను పడినది. పట్టికలో నుండుటయే గుణమని తలచు అలవాటునకు ఇది ఒక హెచ్చరిక.

6. అన్వేషణక్రమము

పై విషయములను బట్టి పరిశోధకుడు పాటింపదగిన క్రమమును సంగ్రహముగా చెప్పవచ్చును.

మొదట, విషయమునకు సంబంధించిన ఊళ్లు, జిల్లాలు, సంస్థలు, వ్యక్తుల పేర్లను వాని పూర్వనామములతోను వత్సరములతోను ఒక పట్టికగా వ్రాసికొనవలయును. రెండవది, ప్రతి ముఖ్యపదమును తెలుగున రెండు వర్ణక్రమములలోను, రోమనున కనీసము మూడు విధములుగను వెదకవలయును. మూడవది, విషయశీర్షిక నొక్కదానినే నమ్మరాదు. జంషెడ్‌పూరు తెలుగుపై వ్రాసిన గ్రంథము తెలుగు క్రిందనే కాక భాషాశాస్త్రము, సమాజశాస్త్రము, శ్రామికచరిత్ర క్రిందను చేరియుండవచ్చును. నాలుగవది, వెదకిన డేటాబేసు పేరు, వెదకిన తేది, వాడిన పదములు సిద్ధాంతగ్రంథమున పేర్కొనవలయును. తేదిలేని అన్వేషణము సాక్షిలేని దస్తావేజు వంటిది. ఐదవది, దొరకిన బింబప్రతిలో ముఖపత్రమును స్వయముగా చూడక సూచిలోని వివరముల నెత్తి వ్రాయరాదు.

ఇంత చేసిన పిమ్మటను ఏమియు దొరకనిచో "ఈ సూచికలలో, ఈ తేదివరకు కనబడలేదు" అని వ్రాయుట సత్యము. "పరిశోధన జరుగలేదు" అని వ్రాయుట సాహసము. ఈ రెండు వాక్యములకు నడుమనున్న దూరమే పూర్వపరిశోధకుని శ్రమ నిలుచుటకును, మఱుగున పడుటకును గల భేదము.

తుదకొక మాట. సూచికను నవీకరించు పని ఎక్కడనో గాంధీనగరుననో ఖరగ్‌పూరుననో జరుగునది మాత్రమే కాదు. జంషెడ్‌పూరువంటి ఊళ్లలో తెలుగు సంఘముల వార్షికసంచికలు, పాఠశాలల పత్రికలు, నాటకప్రదర్శనముల కరపత్రములు ఇండ్లలోని పెట్టెలలో నుండును. అవి ఏ పట్టికకును ఎక్కవు; ఎక్కనిదానిని సవరించుటయు లేదు. అవి శిథిలమగుటకు పూర్వమే స్థానిక కళాశాలల గ్రంథపాలకులు వానిని యూనికోడున నమోదుచేసి, పేరు, ఊరు, వత్సరము సరిగా వ్రాసినచో, ఆ నాలుగు పంక్తులు రాబోవు పరిశోధకునకు ఒక సంచయమంత విలువ చేయును. దూరదేశమున తెలుగు పలికినవారు ఉండిరనుటకు కొన్నియెడల ఆ నాలుగు పంక్తులే ఆధారము కావచ్చును.