భ్రమతో వాదించడం కాదు, ఆలోచనకు తర్ఫీదు: సైకోసిస్ రంగంలో కెరీర్

క్లినికల్ సైకాలజీ ఎంచుకునే విద్యార్థుల్లో చాలామంది ఆందోళన, డిప్రెషన్, కౌన్సెలింగ్ దగ్గరే ఆగిపోతారు. ‘పక్కింటివాళ్లు నా అన్నంలో విషం కలుపుతున్నారు’ అని గట్టిగా నమ్మే సైకోసిస్ బాధితుల దగ్గర మందులకే తప్ప మాటలకు చోటులేదనుకుంటారు. ఎంత చెప్పినా సడలకపోవడం భ్రమ లక్షణమని జర్మన్ మనోవైద్యుడు కార్ల్ యాస్పర్స్ 1913లోనే రాశారు కాబట్టి ఆ అనుమానం కొత్తది కాదు. అయితే నమ్మకం సడలకపోయినా, దానికి దారితీసిన ఆలోచనా తీరును మార్చవచ్చు కదా? 1988లో హక్, గారెటీ, హెమ్స్‌లీ అనే పరిశోధకులు పూసల జాడీలతో ఒక పరీక్ష పెట్టారు. ఒక జాడీలో 85 పాళ్లు ఒక రంగు, 15 పాళ్లు మరో రంగు. రెండోదానిలో అది తారుమారు. ఒక్కో పూస చూపిస్తూ ఏ జాడీదో చెప్పమంటే, భ్రమలున్నవారు మిగతావారికన్నా తక్కువ పూసలకే తేల్చేశారు. ఆ తొందరనే తర్వాతి చికిత్సలు లక్ష్యంగా పెట్టుకున్నాయి.

హాంబర్గ్‌లో స్టెఫెన్ మోరిట్జ్ బృందం రూపొందించిన మెటాకాగ్నిటివ్ ట్రైనింగ్‌లో (తన ఆలోచనా తీరును తానే గమనించుకునే శిక్షణ) రోగి నమ్మకంతో ఎవరూ తలపడరు. కొంచెం కొంచెంగా పూర్తయ్యే బొమ్మను చూపి ఏమిటో ఊహించమంటారు. మొదట్లో ఖాయమనుకున్నది తప్పని రోగి తానే గమనించాక, తన జీవితంలోని నిర్ధారణల వైపు మాట మళ్లుతుంది. ఈ మార్పు చికిత్స గది దాటాక నిలుస్తుందా అనే ప్రశ్న న్యాయమైనదే. బ్రిటన్‌లో 361 మందితో జరిపి 2021లో ప్రచురించిన స్లోమో పరీక్షలో, ఆలోచనను నెమ్మదింపజేసే ఇలాంటి మరో చికిత్స వల్ల 24 వారాలకు అనుమానపీడన ప్రధాన కొలతలో స్పష్టమైన తేడా రాలేదు. మెటాకాగ్నిటివ్ ట్రైనింగ్‌పై 43 అధ్యయనాలను కలిపి చూసిన 2022 విశ్లేషణలో మాత్రం భ్రమలు తగ్గాయి. ఆ మేలు మోస్తరుదే, మందులకు తోడుగా వచ్చేదే. అయినా ఏళ్ల తరబడి భయంతో బతికే మనిషికి ‘నేను పొరపాటు పడి ఉండవచ్చు’ అన్న చిన్న సందు కూడా పెద్ద ఊరట అని నా నమ్మకం.

ఈ పని రోగి మాతృభాషలో జరిగితేనే పండుతుంది. అందుకే తెలుగులో ఓపిగ్గా మాట్లాడగల నిపుణులు మనకు కావాలి. బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ నిర్వహించిన 2015-16 జాతీయ సర్వే ప్రకారం సైకోసిస్ ఉన్నవారిలో దాదాపు ముప్పావు వంతుకు చికిత్సే అందడం లేదు. క్లినికల్ సైకాలజిస్టుగా పనిచేయాలంటే భారత పునరావాస మండలి (ఆర్‌సీఐ) గుర్తించిన కోర్సు, అక్కడ నమోదు ఉండాలి. కోర్సుల పేర్లు, స్వరూపం ఇప్పుడు మారుతున్నాయి. ఫీజు కట్టేముందు ఆ సంస్థకు, ఆ ఏడాదికి అనుమతి ఉందో లేదో ఆర్‌సీఐ జాబితాలో మీరే చూసుకోండి. పైన చెప్పినలాంటి అధ్యయనాల ఫలితాలను మీరే తూచి చూడగలగాలంటే డిగ్రీలోనే స్టాటిస్టిక్స్ శ్రద్ధగా చదవండి.