పేరు మారే నది – పుటుమాయో

అమెజాన్ నది గురించి మనం సాంఘిక శాస్త్రంలో చదువుకున్నాం. దాని ఉపనది పుటుమాయో గురించి నేను రాస్తున్నాను.

ఇది దక్షిణ అమెరికాలో, కొలంబియా దేశపు ఆండీస్ కొండల్లో పుడుతుంది. పొడవు సుమారు 1,600 కి.మీ. మొదట కొలంబియా–ఈక్వెడార్‌లకు, తర్వాత కొలంబియా–పెరూలకు ఈ నదే సరిహద్దు. బ్రెజిల్‌లోకి పోగానే దీన్ని 'ఇసా' అంటారు. అక్కడే అమెజాన్‌లో కలుస్తుంది. భూమధ్యరేఖ దగ్గర కాబట్టి ఏడాదంతా వేడి, వాన. అడవి ఎప్పుడూ పచ్చగానే ఉంటుంది. రోడ్లు తక్కువ, పడవలే బస్సులు.

ఇక్కడ విటోటో, బోరా, టికునా మొదలైన గిరిజనులున్నారు. 1900 ప్రాంతంలో రబ్బరు వ్యాపారులు వచ్చి విటోటోలను, బోరాలను బానిసలుగా చేసుకున్నారు. చెప్పినంత రబ్బరు తేకపోతే కొరడా దెబ్బలే. వేలమంది చనిపోయారు. బ్రిటిష్ అధికారి రోజర్ కేస్‌మెంట్ 1910లో అక్కడికి వెళ్లి విచారించాడు. 1912లో ఆయన నివేదిక అచ్చయింది. సంగతి బ్రిటన్ పార్లమెంటు దాకా పోయింది.

కొలంబియా, పెరూ ఈ నదిని సరిహద్దుగా ఒప్పుకుని సంతకాలు చేసింది 1922లో. అంతకు ఎంతో ముందు నుంచే ఆ అడవి గిరిజనులది. ఇప్పుడు విటోటోలు రెండు దేశాల్లోనూ ఉన్నారు. మ్యాపులో సరిహద్దు గీత చూసినప్పుడు, అక్కడ ఉండే మనుషుల్ని కూడా తలుచుకోవాలని నాకనిపించింది.

ప్రశ్న: పుటుమాయోకు సంబంధించిన దేశాలెన్ని? జవాబు పైనే ఉంది, వెతకండి!