అల్లిక నమూనాను స్వయముగా కల్పించుట: చదరము, శాలువ, దుప్పటి

క్రోషా సూదియు నూలుండయు చేతికి వచ్చిన బాలిక మొదట పరుల నమూనాను చూచి అల్లుట నేర్చుకొనును. అది మంచి ఆరంభమే. అంతటితో నిలిచిపోయినచో చేయి ఆమెదే గాని పని ఆమెది కాదు. ఏ మూల ఎచ్చట తిరుగవలెనో, ఎంత నూలు పట్టునో, ఎంత కాలము పట్టునో తానే యోచించి, లెక్కించి, కాగితముపై వ్రాసి ఇతరుల కందింపగలిగినవారినే నమూనాకర్త లందుము. ఈ వ్యాసమున ఆ విద్యకు మొదటి మెట్లు చెప్పదలచితిమి. తల్లిదండ్రులుకూడ దీనిని చదువవలెనని మా కోరిక. ఏలయన ఇది తీరిక వేళల వినోదముమాత్రమే కాదు. కూలికిని విలువకును సంబంధించిన విషయము. ఈ సంగతిని మన తెలుగునాటి చరిత్రయే చెప్పుచున్నది.

1. నరసాపురము నేర్పు పాఠము

పశ్చిమగోదావరి జిల్లాలోని నరసాపురపు లేసు పేరు వినని వారుండరు. పందొమ్మిదవ శతాబ్దమున స్కాట్లండు, ఐర్లండు దేశములనుండి వచ్చిన మిషనరీ కుటుంబములు దుమ్ముగూడెము, నరసాపురము ప్రాంతముల స్త్రీలకు ఈ అల్లికను నేర్పిరి. క్రమముగా అది ఊరూర వ్యాపించి, సముద్రములు దాటి పోవు సరకైనది. 2024వ సంవత్సరమున ఆ లేసునకు భౌగోళిక గుర్తింపుకూడ లభించినది.

ఇంత కీర్తి గల పనిలో అల్లినవారి స్థితి యెట్టిది? మరియా మీస్ అను జర్మను సాంఘికశాస్త్రజ్ఞురాలు ఆ గ్రామములలో నుండి పరిశోధించి, 1982లో ఒక గ్రంథమును ప్రకటించినది. దినమునకు ఆరు మొదలు ఎనిమిది గంటలు అల్లిన స్త్రీకి ఆ కాలమున ఒక రూపాయియైన దక్కకుండెడిదని అందు వ్రాసినది. దళారి నూలు తెచ్చి యిచ్చును. ఒక యింట పువ్వులు అల్లుదురు. వేరొక యింట వానిని అతుకుదురు. ముగిసిన బల్లగుడ్డ ఎవరింటికి పోవునో, ఎంతకు అమ్ముడగునో అల్లినవారికి తెలియదు. వారిని పనివారనికూడ ఎవరును తలపలేదు. ఇంట కూర్చున్న ఇల్లాండ్రు తీరికలో చేయు పని యని తేల్చివేసిరి.

ఇందు గమనింపదగినది ఒకటి కలదు. ఆ స్త్రీల చేతులలో నేర్పునకు కొదువ లేదు. కొదువ యైనది వస్తువు యొక్క పూర్ణరూపము. పువ్వు మాత్రమే తెలిసినవారు పువ్వునకే కూలి యడుగగలరు. మొత్తము తెలిసినవారు మొత్తమునకు వెల కట్టగలరు. నమూనా నేర్చిన మాత్రమున దారిద్ర్యము తొలగునని మేము చెప్పము. అంగడియు, పెట్టుబడియు, పనివారి కూటమియు వలయును. ఐనను లెక్క తెలియనివారికి బేరమాడుటకు మాటయే దొరకదు.

మన సీమలోనే దీనికి చక్కని పోలిక యున్నది. శ్రీకాళహస్తి కలంకారీలో చిత్రకారుడు వెదురు కలముతో గుడ్డపై తానే గీయును. ఊహయు గీతయు ఒక్క చేతివే. పెడనలో అచ్చుదిమ్మెతో అద్దెదరు; అచ్చు చెక్కువారు వేరు, అద్దువారు వేరు. రెండును గొప్ప పనులే. మొదటిదానియందు మాత్రము గీసినవానిని వదలి గీత పోజాలదు. అల్లికలోను మన మాశింపవలసిన దిదియే.

ఐర్లండు దేశముననుకూడ ఇట్టి యుదాహరణమే కలదు. 1845లో ఆరంభమైన మహాక్షామ కాలమున క్రోషా లేసు అచ్చట అనేక కుటుంబములకు అన్నము పెట్టినది. ఆ అల్లినవారి పేర్లు మనకు దాదాపు తెలియవు. అదే కాలమున రీగో డి లా బ్రాంషార్డియేర్ అను స్త్రీ నమూనాలను వ్రాసి పుస్తకములుగా అచ్చు వేయించెను. ఆమె పేరు నేటికిని నిలిచి యున్నది. వ్రాత వలన కలిగిన భేదమిది.

2. ముగ్గునుండి చదరము

నమూనా యనగా భయపడవలదు. మన చిత్తూరు, తిరుపతి ప్రాంతములలో చుక్కల ముగ్గు వేయగల ప్రతి బాలికయు సగము నమూనాకర్తయే. చుక్కలెన్ని, వరుసలెన్ని యని ముందే తలచి, ఒక పక్క గీసినది రెండవ పక్కను తప్పక గీయును. చుక్కలకు బదులు గళ్ల కాగితము, పిండికి బదులు నూలు, ఇంతే భేదము.

చదరము నమూనాలలో మిక్కిలి సులభము. అమెరికాలో ప్రెయిరీ ఫార్మర్ అను రైతుల పత్రిక 1885లోనే దీనిని ప్రకటించినది. విధ మిది. నాలుగు గొలుసులు అల్లి వలయముగా కలుపవలెను. మూడు పొడుగు కుట్లను ఒక గుత్తి యందము. వలయములో ఒక గుత్తి, రెండు గొలుసులు, ఇట్లు నాలుగు మారులు అల్లినచో మొదటి చుట్టు ముగియును. రెండవ చుట్టులో ప్రతి మూలయందును ఒక గుత్తి, రెండు గొలుసులు, మరియొక గుత్తి. మూలకును మూలకును నడుమ ఒక గొలుసు. మూడవ చుట్టునుండి మూలలు అట్లే. పక్కలనున్న ప్రతి సందులో ఒక్కొక్క గుత్తి. ప్రతి చుట్టునకు ఆదియందు వేయు మూడు గొలుసులు ఒక పొడుగు కుట్టుగా లెక్కకు వచ్చును.

ఇక లెక్క చూడుడు. మొదటి చుట్టులో 4 గుత్తులు, రెండవదానిలో 8, మూడవదానిలో 12. చుట్టు సంఖ్యను 4చే గుణించిన గుత్తులు వచ్చును. ఆరు చుట్ల చదరములో 4, 8, 12, 16, 20, 24 కూడగా 84 గుత్తులు, అనగా 252 పొడుగు కుట్లు. ఈ సంఖ్య నమూనాకర్తకు తూనికరాయి వంటిది. అల్లినవారి కుట్లు దీనితో సరిపోనిచో ఎచ్చటనో ఒక సందు తప్పినదని తెలియును.

చదరమునకు నాలుగు మూలలయందును పెంపు చేయుటవలన అది చదునుగా నుండును. వృత్తమైనచో పొడుగు కుట్లు మొదటి చుట్టులో 12 వేసి, పిమ్మట ప్రతి చుట్టునకు 12 పెంపవలెను. తక్కువ పెంచిన గిన్నెవలె ముడుచుకొనును. ఎక్కువ పెంచిన కుచ్చెళ్లవలె అలలెత్తును. ఈ అలలనుకూడ విద్యగా మార్చినవారు కలరు. డైనా టైమిన్యా అను గణితోపాధ్యాయిని 1997లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయమున, ప్రతి వరుసయందును ఒకే నిష్పత్తిలో కుట్లు పెంచి అల్లి, కాగితముపై చూపుటకు కష్టమైన ఒక విధమగు వక్రతలమును విద్యార్థుల చేతికే అందించినది. సూదిపనికిని గణితమునకును ఉన్న చుట్టరికము ఇట్టిది.

3. శాలువ

ముక్కోణపు శాలువ మరేమియు కాదు, చదరములో సగము. మెడవద్ద మధ్యనుండి మొదలుపెట్టి, వరుస వరుసకును నడుమను, రెండు కొనలను పెంచుచు పోవలెను. మొదటి వరుసలో 2 గుత్తులు, రెండవదానిలో 4, మూడవదానిలో 6. నలుబది వరుసల శాలువలో మొత్తము 40ని 41చే గుణింపగా 1,640 గుత్తులు.

ఇచ్చట అనేకులు మోసపోవుదురు. ఇరువది వరుసలు ముగియగానే సగము పని యైనదని తలతురు. కాని 20ని 21చే గుణించిన 420 మాత్రమే. అనగా నాలుగవ పాలు. ఇరువదియెనిమిది వరుసలు ముగిసిన పిమ్మటనే 812 గుత్తులై, ఇంచుమించు సగ మగును. ఈ లెక్క తెలియని బాలిక నడుమ నూలు చాలక అంగడికి పోయి, అదే రంగు దొరకక విచారించును. నమూనాలో నూలు పరిమాణము సరిగా వ్రాయువారు కొనువారి సొమ్మును కాపాడినవారగుదురు.

నూలు ఎన్నికయు దేశకాలములనుబట్టి యుండవలెను. మదనపల్లె, హార్స్‌లీ కొండల చలికి ఉన్ని తగును. తిరుపతి యెండలలో పలుచని పత్తినూలుతో జాలీ అల్లిక హాయిగా నుండును. ఐతే పత్తి ఉన్నికంటె బరువైనది, సాగిన తిరిగి ముడుచుకొనదు. కావున పత్తి శాలువను పెద్దది చేయునపుడు దాని బరువునకే అది క్రిందికి జారునని ముందే తలపవలెను.

4. దుప్పటి, దాని వెల

ఆఫ్గన్ అనబడు అల్లిక దుప్పటిని చదరములను కూర్చి చేయుదురు. ఒక చదరము పక్క 15 సెంటీమీటర్లనుకొందము. వెడల్పు 120, పొడవు 150 సెంటీమీటర్ల దుప్పటికి వెడల్పున 8, పొడవున 10, మొత్తము 80 చదరములు వలయును. ఒక చదరము 12 గ్రాములు తూగినచో 80కి 960 గ్రాములు. అతుకులకును అంచునకును పదవ పాలు చేర్చగా సుమారు 1,060 గ్రాములు కొనవలెను. ఒక చదరమును మొదట అల్లి త్రాసులో పెట్టక నూలు కొనరాదు.

ఇప్పుడు కాలము లెక్కింతము. ఒక చదరమునకు 40 నిమిషములైనచో 80కి 3,200 నిమిషములు, అనగా 53 గంటల 20 నిమిషములు. అతుకు పని వేరు. ఎవరైన వచ్చి చదరమునకు 10 రూపాయలిత్తుమన్నచో చాలునని తోచవచ్చును. గంటకు ఒకటిన్నర చదరము. కావున గంటకు 15 రూపాయలు. ఎనిమిది గంటలు తల యెత్తక అల్లిన 120 రూపాయలు. ఈ చిన్న గుణకారము చేసిన బాలిక చాలునో చాలదో తానే చెప్పగలదు. క్రోషా అల్లికకు సరియగు యంత్రము నేటికిని లేదు; దుకాణములో ఎంత చౌకగా దొరికినను దాని వెనుక ఒక మనిషి చేయి యున్నదని తల్లిదండ్రులును జ్ఞాపకముంచుకొనవలెను.

5. నమూనాను వ్రాయు పద్ధతి

నమూనాలో ముందుగా వస్తువు పేరు, ముగిసిన కొలత, నూలు రకము, తూకము, సూది లావు మిల్లీమీటర్లలో తెలుపవలెను. పిమ్మట బిగువు: 10 సెంటీమీటర్లలో ఎన్ని కుట్లు, ఎన్ని వరుసలు వచ్చునో చెప్పవలెను. ఒకరి చేయి బిగువు, ఒకరి చేయి వదులు; ఈ కొలత లేనిచో ఒకే నమూనాతో ఒకరికి శాలువయు, ఒకరికి చేతిరుమాలును తయారగును. తరువాత కుట్ల పేర్లు. ఆంగ్లేయులు ట్రెబిల్ అను కుట్టునే అమెరికావారు డబుల్ క్రోషె యందురు. మేము పైన పొడుగు కుట్టన్నది ఇదియే. ఏ దేశపు పేర్లు వాడితిమో మొదటనే చెప్పకున్న చదువువారు చిక్కుపడుదురు. ప్రతి చుట్టు చివరను కుట్ల సంఖ్య వ్రాయవలెను.

వ్రాసి ముగించిన పిమ్మట, ఆ వస్తువును చూడని మరియొకరికి కాగిత మిచ్చి అల్లుమనవలెను. ప్రక్కన కూర్చుండి నోరు మెదపరాదు. ఆమె ఆగిన ప్రతిచోటను గుర్తు పెట్టి, ఆ వాక్యమును మార్చవలెను. తెలియనిది ఆమెకు కాదు, మన వాక్యమునకు.

ఇట్లు సిద్ధమైన నమూనాకు చట్టము కొంత రక్ష నిచ్చును. గొలుసు, పొడుగు కుట్టు మొదలగునవి ఎవరి సొత్తును కావు. మనము వ్రాసిన మాటలు, గీసిన పటము మాత్రము 1957 నాటి కాపీరైటు చట్టముచే మనవి. ఆకృతిని వస్తువులపై అధికముగా ఉత్పత్తి చేయదలచినచో 2000 నాటి డిజైనుల చట్టము క్రింద నమోదు చేయించుకొనుట వేరు మార్గము. కావున ప్రతి నమూనాపైనను పేరు, తేది వేయు నలవాటు ఇప్పటినుండియే మంచిది. పరుల నమూనానుండి గ్రహించినపుడు వారి పేరు చెప్పుటయు అట్టి మర్యాదయే. నేడు రావెల్రీ వంటి వేదికలలో ఇంటనుండియే నమూనాలను అమ్ముకొనువారు లోకమంతట నున్నారు. 2007లో అమెరికాలో ఆరంభమైన ఆ వేదికయందు ఒక్క కాగితమును ఎందరికైన అమ్మవచ్చును. అల్లిన శాలువ ఒక్కమారే అమ్ముడగును. వ్రాసిన శాలువ చేతి నలయింపక పలుమారు లమ్ముడగును.

బాలికలారా, బాలురారా! (సూది పట్టుట బాలురకు చిన్నతనము కాదు.) ఈ సెలవులలో ఒక్క చదరమునైన మీరే కల్పించి, లెక్క వేసి, వ్రాసి తెండు. అందముగా లేకున్నను చింత లేదు. దానిని మొదలునుండి తుదివరకు ఎరిగినవారు మీరే యగుదురు.

అభ్యాసము

1. ఎనిమిది చుట్ల చదరములో ఎన్ని పొడుగు కుట్లుండును?

2. ముప్పది వరుసల శాలువలో, ఏ వరుస ముగియునప్పటికి సగమునకు పైగా నూలు ఖర్చగును?

3. మీ యింట ఎవరైన అల్లికగాని, కుట్టుపనిగాని, బుట్టపనిగాని కూలికి చేయుచున్నచో, ఒక వస్తువునకు పట్టు కాలమును గడియారముతో కొలిచి, గంటకు ఎంత వచ్చుచున్నదో లెక్కించి, ఆ లెక్కను వారికే చూపుడు.